తన్ను తాను ప్రశ్నించుకొన్న ఆచార్యుడు – ఇమామ్ గజాలీ

కళాశాలలో చేరదలచిన విద్యార్థి పూరించే పత్రంలో పేరుకు, తండ్రి పేరుకు, పుట్టిన తేదీకి, వెనుకటి పరీక్షలో వచ్చిన మార్కులకు గడులు ఉంటాయి. చదువు ఎందుకు కోరుతున్నావన్న ప్రశ్నకు మాత్రం గడి ఉండదు. అధ్యాపక పదవికి పెట్టుకొనే దరఖాస్తులోనూ ఎందుకు బోధింపదలచావన్న ప్రశ్న కానరాదు. ఆ ప్రశ్న మరొకరు వేసి ప్రయోజనం లేదు. మనం ఇచ్చే జవాబు నిజమో కాదో తేల్చవలసింది మన అంతరాత్మయే. తొమ్మిది వందల ఏండ్లకు పూర్వం, ఆనాటి ఇస్లామీయ ప్రపంచంలో అత్యున్నతమైన ఆచార్య పీఠాన్ని అధిష్ఠించిన ఒక మహా పండితుడు ఆ ప్రశ్నను తనకు తానే వేసికొన్నారు. దొరికిన జవాబుకు ఆయన నోట మాట పడిపోయింది. ఆయనే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ. ఆ మహనీయుని జీవితాన్ని ఈ వ్యాసంలో మేము సంగ్రహంగా పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పాండిత్య ప్రకర్షను కొనియాడడం కంటె, ఆయన తన్ను తాను ఎట్లు తెలిసికొన్నారో, ఆ తెలివిడితో తోటి మానవుల చెంతకు ఎట్లు తిరిగి వచ్చారో వివరించడమే మా ఉద్దేశం.

గజాలీ హిజ్రీ 450లో, అనగా క్రీ.శ. 1058లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. నేటి ఇరాన్ దేశంలోని మష్‌హద్ నగరానికి చేరువలో ఆ ప్రాచీన పట్టణపు శిథిలాలు ఉన్నాయి. మహాకవి జాషువా కావ్యం వలన తెలుగువారికి ఆత్మీయుడైన ఫిరదౌసి కూడా తూస్ వాడే. గజాలీ తండ్రి ఉన్ని వడికి అమ్ముకొని జీవించే పేదవాడు. తాను చదువుకోలేదు గాని, పండితుల సభలలో ఒక మూల కూర్చొని శ్రద్ధగా వినేవాడట. మరణకాలం ఆసన్నమైనప్పుడు, చదువు రాలేదన్న తన కొరత బిడ్డల విషయంలోనైనా తీరాలని కోరి, ముహమ్మద్, అహ్మద్ అనే తన యిద్దరు కుమారులను, తాను కూడబెట్టిన కొద్దిపాటి ధనాన్ని ఒక సూఫీ మిత్రునికి అప్పగించాడు. ఆ ధనం త్వరలోనే హరించిపోయింది. ఆ మిత్రుడూ పేదవాడే. అతడు పిల్లలను పిలిచి, మద్రసాలో చేరితే విద్యతోపాటు భోజనం కూడా దొరుకుతుందని హితవు చెప్పాడు. ఆ విధంగా ఆ బాలురు విద్యార్థులైనారు.

తాము తొలుత విద్యను ఆశ్రయించింది దైవం కోసం కాదని, పూట గడవడం కోసమని, అయితే ఆ విద్య తమను అక్కడే ఉండనీయక దైవం వైపునకు మళ్లించిందని గజాలీ తరువాత చెప్పుకొనేవారట. విద్యార్థి వేతనం కోసం, వసతి గృహంలోని రెండు పూటల భోజనం కోసం చదువులో చేరిన పిల్లలను చిన్నచూపు చూచేవారు ఈ వృత్తాంతాన్ని గుర్తుంచుకోవాలి. ఆకలితో వచ్చినవాడు ఆకలితోనే ఆగిపోవాలన్న నియమం లేదు.

తూస్‌లో ప్రాథమిక విద్య ముగించి, గజాలీ జుర్జాన్‌కు వెళ్లి అక్కడి గురువుల పాఠాలను శ్రద్ధగా వ్రాసికొన్నారు. తిరిగి వస్తుండగా దారిలో దొంగలు బాటసారులను దోచుకొన్న కథ ఒకటి చరిత్ర గ్రంథాలలో ప్రసిద్ధంగా ఉన్నది. ఆ యువకుడు భయపడక దొంగల నాయకుని వెంటబడి, తన సంచిలోని కాగితాలు వారికి ఎందుకూ పనికిరావని, అవి తన విద్య అంతా అని, వాటిని మాత్రం తిరిగి ఇమ్మని ప్రాధేయపడ్డాడు. నాయకుడు నవ్వి, కాగితాలు పోగానే పోయే విద్య విద్య ఎట్లవుతుందని ఎగతాళి చేసి, సంచిని తిరిగి ఇప్పించాడు. గజాలీ ఆ మాటను దొంగ మాటగా త్రోసివేయలేదు. ఇంటికి చేరి మూడు సంవత్సరాలపాటు ఆ పాఠాలన్నిటినీ కంఠస్థం చేశారు. తన్ను పరిహసించినవాని నోటినుండి కూడా తన లోపాన్ని గ్రహించగల గుణం ఆయనలో ఆనాడే కనిపిస్తుంది. ముందు ముందు ఈ గుణమే ఆయన బోధలో ఒక సూత్రంగా రూపొందడం మనం చూడగలము.

అనంతరం ఆయన నైషాపూర్‌లోని నిజామియా విద్యాపీఠంలో ఇమాముల్ హరమైన్ అని పేరుపొందిన జువైనీ వద్ద శిష్యులైనారు. ధర్మశాస్త్రం, తర్కం, వాద విద్య మొదలైన వానిలో ఆరితేరారు. 1085లో గురువు మరణించగా, సెల్జూక్ సుల్తానుల ప్రఖ్యాత మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానాన్ని ఆశ్రయించారు. ఆ మంత్రి కూడా తూస్ ప్రాంతం వాడే. అక్కడి పండిత సభలలో గజాలీ వాదపటిమకు ఎదురు లేకపోయింది. 1091లో, ఇంచుమించు 33 ఏండ్ల వయస్సులో, ఆయన బాగ్దాద్ నిజామియా విద్యాపీఠానికి ప్రధానాచార్యులుగా నియుక్తులైనారు. దాదాపు 300 మంది విద్యార్థులు ఆయన ఎదుట కూర్చొని పాఠాలు వినేవారు. ఖలీఫా ఆస్థానంలోనూ, సుల్తాను కొలువులోనూ ఆయన మాటకు విలువ ఉండేది. ఆయన బాగ్దాద్‌లో ప్రవేశించిన నాడు ఆయన దుస్తులకు, వాహనానికి జనులు 500 దీనారాలు వెల కట్టారని ఒక చరిత్రకారుడు వ్రాశాడు.

అయితే ఈ వైభవం వెనుక ఒక అశాంతి చాలాకాలంగా కదలుతూ ఉండేది. నిశ్చయమైన జ్ఞానం ఏదన్న ప్రశ్న ఆయనను యౌవనం నుండి వేధించింది. తండ్రితాతలు నమ్మినది గనుక తానూ నమ్మడం ఆయనకు తృప్తి నీయలేదు. కంటికి నిశ్చలంగా కనిపించే నీడ నిజానికి మెల్లగా కదలుతుంది. నాణెమంత కనిపించే నక్షత్రం భూమికంటె పెద్దదని గణితం నిరూపిస్తుంది. అందుచేత ఇంద్రియాలు నమ్మదగినవి కావు. మరి ఇంద్రియాల పొరపాటును బుద్ధి పట్టుకొన్నట్లే, బుద్ధి పొరపాటును పట్టుకొనే మరొక శక్తి ఉండదా? కలలో ఉన్నంతసేపు కల నిజమే కదా! ఈ సంశయం ఆయనను దాదాపు రెండు నెలలపాటు పట్టి పీడించింది. వాదాలతో గాక, దైవం తన హృదయంలో ప్రసరింపజేసిన ఒక వెలుగుతో ఆ వ్యాధినుండి బయటపడ్డానని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొన్నారు.

బాగ్దాద్‌లో బోధనకు మిగిలిన తీరిక వేళలలో ఆయన తత్త్వశాస్త్ర గ్రంథాలను గురువు సహాయం లేకుండానే చదివారు. ఒక సిద్ధాంతాన్ని ఖండింపదలచినవాడు దానిని నమ్మేవారికంటె బాగుగా తెలిసికొని ఉండాలన్నది ఆయన నియమం. కావున ముందు తత్త్వవేత్తల ఉద్దేశాలను నిష్పక్షపాతంగా వివరిస్తూ ఒక గ్రంథం వ్రాశారు. ఆ గ్రంథం తరువాత లాటిన్‌లోనికి అనువదింపబడినప్పుడు, యూరపు పండితులు ఆయనను కూడా ఆ తత్త్వవేత్తలలో ఒకరుగా భావించారు. ఇక 1095 ప్రారంభంలో పూర్తిచేసిన తహాఫుతుల్ ఫలాసిఫా అనే గ్రంథంలో 20 విషయాలను తీసికొని తత్త్వవేత్తల వాదాలను విమర్శించారు. ఆయన కీర్తి శిఖరాన్ని అందుకొన్నది.

ఈలోగా ఆయన చుట్టూ ఉన్న లోకం కదలిపోయింది. 1092లో ఆయన పోషకుడైన నిజాముల్ ముల్క్ హంతకుని కత్తికి బలి అయినాడు. నెల దాటిన కొద్దికాలానికే సుల్తాన్ మాలిక్ షా మరణించాడు. వారసుల మధ్య పోరు మొదలైనది. పదవులు, ప్రాపకాలు ఎంత అస్థిరాలో కన్నులారా చూచిన ఆచార్యుని దృష్టి లోపలికి మళ్లింది. అప్పుడు ఆయన సూఫీ మహనీయుల గ్రంథాలు చదువసాగారు. ఆరోగ్యం యొక్క లక్షణాలు చెప్పగలగడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు అన్న సత్యం ఆయనకు స్పష్టమైనది. వైరాగ్యాన్ని గూర్చి అనర్గళంగా ఉపన్యసించగల తనలో వైరాగ్యం ఉన్నదా? తన సత్కార్యాలలో శ్రేష్ఠమైనది బోధన. ఆ బోధనను పరీక్షించి చూచుకొన్నారు. తాను చెబుతున్న శాస్త్రాలలో పెక్కు పరలోకానికి ఉపకరించనివి. పోనీ, బోధించే సంకల్పమైనా శుద్ధమైనదా? కాదు. తన్ను ప్రతిదినం ఆ పీఠం పైకి ఎక్కిస్తున్నది కీర్తికాంక్ష మాత్రమేనని ఆయన గుర్తించారు.

గుర్తించినంత మాత్రాన విడుదల లభించలేదు. ఉదయం అన్నిటినీ విడిచి వెళ్లాలన్న నిశ్చయం కలిగేది. సాయంకాలానికి అది సడలిపోయేది. ఇంత గౌరవం మళ్లీ దొరుకునా అని మనస్సు బెదిరించేది. హిజ్రీ 488 రజబ్ మాసం నుండి, అనగా 1095 జూలై నుండి, కొన్ని నెలల కాలం ఈ ఊగిసలాటలో గడిచింది. తుదకు ఒకనాడు శిష్యులకు పాఠం చెప్పబోగా నాలుక కదలలేదు. వారిని సంతోషపెట్టడానికైనా ఒక్క రోజు పాఠం చెప్పాలని ప్రయత్నించి విఫలులైనారు. ఆహారం సహించలేదు; శరీరం క్షీణించింది. వ్యాధి హృదయంలో ఉన్నదని, అక్కడి వేదన తీరనిదే ఔషధం పనిచేయదని వైద్యులు చేతులెత్తేశారు. వాదాలలో మహా పండితులను నిరుత్తరులను చేసిన నాలుక తన యజమానికే లొంగకపోయింది!

1095 నవంబరులో, హజ్ యాత్రకు వెళుతున్నట్లు లోకానికి చెప్పి, గజాలీ బాగ్దాద్ విడిచారు. తన బిడ్డల పోషణకు చాలినంత ఉంచి, మిగిలిన ధనాన్ని పంచిపెట్టారు. తన స్థానంలో పాఠాలు చెప్పే బాధ్యతను తమ్ముడు అహ్మద్‌కు అప్పగించారు. మొదట దమస్కస్ చేరి, అక్కడి ఉమయ్యద్ మసీదు మీనారు ఎక్కి, తలుపు మూసికొని పగలంతా ధ్యానంలో గడిపేవారు. తరువాత జెరూసలేం వెళ్లారు. హెబ్రాన్‌లో హజ్రత్ ఇబ్రాహీం సమాధి వద్ద మూడు ప్రతిజ్ఞలు చేశారు: రాజుల కొలువుకు పోరాదు, రాజుల ధనం ముట్టరాదు, పేరు కోసం సభలలో వాదులాడరాదు. పిమ్మట హజ్ చేసి, మదీనాను దర్శించారు. దమస్కస్‌లో ఉన్న కాలంలో ఒకనాడు ఆయన ఒక మద్రసాలో ప్రవేశించగా, అక్కడి ఉపాధ్యాయుడు తన యెదుట ఉన్నవాడెవరో ఎరుగక గజాలీ అభిప్రాయాన్నే ప్రమాణంగా చూపుతూ పాఠం చెబుతున్నాడట. ఆ మాట విన్నంతనే తన మనస్సులో గర్వం తల యెత్తునని భయపడి ఆయన ఆ నగరాన్నే విడిచి వెళ్లారని చెబుతారు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. తన్ను తాను తెలిసికోవడానికి మానవుడు మానవులను విడిచి పారిపోవలసిందేనా? గజాలీ కథ ఇక్కడ ముగిసినట్లయితే అవునని చెప్పవలసి వచ్చేది. కాని కథ ఇక్కడ ముగియలేదు. ఏకాంతంలో ఉన్న ఆయనను బిడ్డల పిలుపు స్వస్థలానికి లాగింది. ఎవరి చెంతకూ తిరిగి పోరాదనుకొన్న తాను తిరిగి వచ్చానని ఆయనే వ్రాసికొన్నారు. 1097లో ఆయన బాగ్దాద్ మీదుగా తూస్ దారి పట్టారు. వెనుక 500 దీనారాల వేషంలో చూచిన జనులే ఈసారి ఆయన ఒంటిమీది దుస్తులు ఒక్క దీనారు కూడా చేయవని లెక్కించారు.

ఆ సంవత్సరాలలో రూపొందిన ఇహ్యా ఉలూమిద్దీన్ ఆయన రచనలలో తలమానికం. పదేసి ప్రకరణాల నాలుగు భాగాలు, మొత్తం 40 ప్రకరణాలు. ఆశ్చర్యమేమంటే, ఏకాంతం నుండి తెచ్చిన ఈ గ్రంథంలో ఒక భాగం పూర్తిగా మానవుల కలయికకు కేటాయింపబడినది. భోజన మర్యాదలు, వివాహం, జీవనోపాధి, స్నేహం, ప్రయాణం మొదలైనవన్నీ అందులో ఉన్నాయి. స్నేహితుని ధర్మాలను వివరిస్తూ ఆయన మూడు మెట్లు చూపారు. మనకు మిగిలినది అతడు అడుగక మునుపే ఇవ్వడం మొదటి మెట్టు. అతనిని మనతో సమానంగా చూచి ఉన్నది పంచుకోవడం రెండవది. అతని అవసరాన్ని మన అవసరంకంటె ముందుంచడం మూడవది. అడిగించుకొని ఇచ్చేవాడు మొదటి మెట్టుకు కూడా చేరలేదన్నమాట.

అదే గ్రంథంలో, తన లోపాలను తాను తెలిసికొనే మార్గాలను గూర్చి ఆయన చెప్పిన విషయం మా దృష్టిలో ఆయన జీవితానికే తాళపుచెవి. మార్గాలు నాలుగు. మొదటిది, లోపాలను కనిపెట్టగల గురువును ఆశ్రయించడం. రెండవది, ముఖప్రీతి మాటలాడని సత్యశీలుడైన మిత్రుని కావలిగా పెట్టుకోవడం. మూడవది, శత్రువుల నిందలను ఓపికతో వినడం; పొగడే మిత్రుడు దాచిన లోపాన్ని శత్రువు దాచడు. నాలుగవది, జనంతో కలసి మెలసి ఉండి, ఇతరులలో ఏ దోషం కనిపించినా అది తనలో ఉన్నదేమో వెదకికొనడం. ఈ నాలుగింటిని పాఠకులు మరొకసారి గమనించాలని మా మనవి. గురువు, మిత్రుడు, శత్రువు, జనం! నాలుగు మార్గాలూ మరొక మనిషి మీదుగానే పోతున్నాయి. మీనారులో తలుపు మూసికొన్న మహాయోగి తన లోపాలు తెలిసికొనడానికి మూసిన తలుపును ఒక మార్గంగా చెప్పలేదు. ఏకాంతం హృదయాన్ని శాంతింపజేస్తుంది. కాని శాంతించినట్లు కనిపించే హృదయంలో దాగిన కోపం, అసూయ, పరుల తాకిడి తగిలినప్పుడు గదా బయటపడేది!

పండితుల కొరకు ఇహ్యాను అరబ్బీలో వ్రాసిన ఆయన, సామాన్యుల కొరకు అదే సారాన్ని తన మాతృభాషయైన పారసీలో కీమియాయె సఆదత్ అనే పేర రచించారు. ఆత్మజ్ఞానంతోనే ఆ గ్రంథం ప్రారంభమవుతుంది. శరీరం ఒక రాజ్యం; హృదయం దానికి రాజు; బుద్ధి మంత్రి; కోరిక పన్నులు వసూలుచేసే ఉద్యోగి; కోపం నగరాన్ని కాచే కొత్వాలు. ఉద్యోగిని, కొత్వాలును చంపివేస్తే రాజ్యం నిలువదు. వారినే రాజులుగా చేసినా రాజ్యం నిలువదు. వారు మంత్రి ఆజ్ఞకు లోబడి ఉండాలి. అక్షరాస్యత కొద్దిపాటిగా ఉన్నవానికి కూడా అర్థమయ్యే ఉపమానం ఇది. ఉన్ని వడికి, పండితుల సభలో మూలన కూర్చొని విన్న తండ్రి జీవించి ఉంటే, ఈ గ్రంథం ఆయనకు అర్థమయ్యేది.

గజాలీని విమర్శించినవారూ లేకపోలేదు. 1109లో, ఆయన జీవించి ఉండగానే, స్పెయిన్ దేశపు కొర్దోవాలో ఇహ్యా ప్రతులను తగులబెట్టారు. ప్రామాణ్యం చాలని హదీసులను స్వీకరించారని ఇబ్నుల్ జౌజీ తప్పుపట్టాడు. తహాఫుత్‌కు ఇబ్న్ రుష్ద్ తీవ్రమైన ప్రతివిమర్శ వ్రాశాడు. తత్త్వవేత్తల మూడు సిద్ధాంతాలను అవిశ్వాసంగా నిర్ణయించిన గజాలీ కాఠిన్యాన్ని నేటికీ అంగీకరింపని వారున్నారు. అయితే తరువాతి కాలంలో ఆయనే, భిన్నాభిప్రాయం గలవారిని తొందరపడి అవిశ్వాసులనరాదని హెచ్చరిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాశారు. మతభేదాల వాదులాటను వివరించడానికి ఆయన ఎన్నుకొన్న కథ, గ్రుడ్డివారు ఏనుగును తడిమిన కథ. మనం అంధగజ న్యాయమని వ్యవహరించే ఈ భారతీయ కథ ఆ పారసీక ఇమాం కలంలోనికి చేరడం ఎంత ముచ్చటైన విషయం!

1106లో, నిజాముల్ ముల్క్ కుమారుడైన మంత్రి ఫఖ్రుల్ ముల్క్ నిర్బంధించగా, గజాలీ మరల నైషాపూర్ నిజామియాలో బోధన ప్రారంభించారు. హెబ్రాన్ ప్రతిజ్ఞలు చేసినవారు ప్రభుత్వ పీఠానికి తిరిగి రావడం తగునా అని ప్రశ్నించినవారు ఉండవచ్చు. ఆయన కూడా ఆ ప్రశ్నను తప్పించుకొనలేదు. బయటికి చూస్తే తాను వెనుకటి పనికే వచ్చినట్లున్నా, వెనుక తాను బోధించినది హోదాను సంపాదించిపెట్టే విద్య అని, ఇప్పుడు బోధిస్తున్నది హోదాను విడువజేసే విద్య అని ఆత్మకథలో వివరించారు. అంతటితో ఆగక, తన లక్ష్యాన్ని తాను చేరగలనో లేదో తనకు తెలియదని కూడా ఒప్పుకొన్నారు. పదకొండేండ్ల సాధన తరువాత కూడా తనపై తనకు సంశయం ఉంచుకోవడమే ఆయన ఆత్మజ్ఞానానికి గీటురాయి.

కొంతకాలానికి ఆ పీఠాన్ని కూడా విడిచి తూస్‌లో తన యింటి ప్రక్కనే ఒక మద్రసాను, సూఫీలకు ఒక ఖాన్‌ఖాను నెలకొల్పి, చివరి రోజులు విద్యార్థుల మధ్య, సాధకుల మధ్య గడిపారు. 1111 డిసెంబరు 18వ తేదీన, ప్రాతఃకాలంలో వుజూ చేసి, నమాజు చదివి, కఫన్ వస్త్రం తెప్పించుకొని, దానిని ముద్దిడి కన్నుల కద్దుకొని, ఖిబ్లా వైపు తిరిగి పరుండి ప్రాణాలు విడిచారు. ఈ విషయం తమ్ముడు అహ్మద్ చెప్పగా చరిత్రకెక్కింది. ఆకలినాడు తనతో కలిసి మద్రసా గడప తొక్కిన ఆ తమ్ముడే అంతిమ ఘడియకు సాక్షిగా నిలిచాడు.

ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో మౌలానా షిబ్లీ నూమానీ హైదరాబాదులో ఉద్యోగిస్తున్న కాలంలో అల్ గజాలీ అనే జీవిత చరిత్రను ఉర్దూలో వెలువరించారు. ఉర్దూ చదువగల మన విద్యార్థులు దానిని తప్పక చదువవలెనని మా సలహా. తెలుగు మాత్రమే చదివే మిత్రులకు వారు దాని సారాంశాన్ని చెప్పగలిగితే, గజాలీ బోధించిన స్నేహధర్మాలలో మొదటిది నెరవేరినట్లే.

విద్యార్థులారా! బాగ్దాద్‌ను విడిచిపొమ్మని గజాలీ జీవితం మనకు చెప్పడం లేదు. మార్కులు వలదనీ, ఉద్యోగాలు వలదనీ చెప్పడం లేదు. ఏ పీఠంపై కూర్చున్నా, ఏ బల్లపై కూర్చున్నా, ఎందుకు కూర్చున్నామో అప్పుడప్పుడు విచారించుకొమ్మని చెబుతున్నది. ఆ విచారణలో మనకు మనమే న్యాయమూర్తులమైతే తీర్పు ఎప్పుడూ మనకు అనుకూలంగానే వస్తుంది. కనుక మీ లోపాన్ని మీ ముఖం మీద చెప్పగల మిత్రుని ఒక్కనినైనా ఈ కళాశాలలో సంపాదించుకొనండి. అట్టి మాట మీనుండి వినవలసి వచ్చినప్పుడు కోపగించుకొనకుండా ఉండడానికి, మీ అధ్యాపకులమైన మేము కూడా ప్రయత్నిస్తాము.